శోధన ఏ వేళప్పుడు వస్తుంది?

సందేహాలు – సమాధానాలు

శ్రమదినాలు మొదలయ్యేసరికి నాకొచ్చే ఉత్తరాల రంగు మారిపోతుంది. మిగతా ఏడాదంతా పెళ్ళి సంబంధాలు, సమాధుల తోటలో స్థలం, సంఘ కమిటీ తగాదాలు. ఈస్టరుకు ముందు ఈ నలభై రోజులు మాత్రం ఎవరి లోపలి సంగతి వాళ్ళు రాస్తారు. 2026లో విభూది బుధవారం ఫిబ్రవరి 18న వచ్చింది, ఈస్టరు ఏప్రిల్ 5న. రంజాను ఉపవాసాలు కూడా ఆ వారంలోనే మొదలయ్యాయి. ప్రొద్దుటూరు లాంటి ఊళ్ళో ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఇద్దరూ పగలంతా ఆకలితోనే ఉన్నారన్నమాట. ఉత్తరాల్లో ఊరి పేరు మాత్రం ఉంచి మిగతా గుర్తులన్నీ తీసేశాను. రాసినవాళ్ళు ధైర్యంగా చదువుకోవచ్చు.

ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరుడు: అయ్యగారూ, నేను బంగారు అంగట్లో గుమాస్తాను. నాలుగేండ్లుగా క్రికెట్ పందేలు కడతా ఉన్నా. మొదట్లో వందలు, ఇప్పుడు నెల జీతం. ఈ శ్రమదినాల్లో పందెం ముట్టనని బైబిలు మీద చెయ్యి పెట్టి మా ఆవిడ ముందర ప్రమాణం చేసినా. మూడో రోజే తప్పినా. కట్టేముందు గూడా ప్రార్థన చేసినానండీ, ఈ ఒక్కసారి గెలిపిస్తే అప్పు తీర్చేసి మళ్ళా ఆ జోలికి పోను అని. ఓడిపోయినా. నా ప్రార్థనలో శక్తి లేదా, నాకు విశ్వాసమే లేదా?

నాయనా, శక్తి సంగతి తర్వాత. ముందు ఆ ప్రార్థన నీకు ఎవరు నేర్పారో చూద్దాం.

మత్తయి సువార్త నాలుగో అధ్యాయం తియ్యి. అపవాది యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమన్నాడు. ఊరికే అనలేదు, దేవదూతలు చేతుల మీద పట్టుకుంటారని 91వ కీర్తనలో ఉంది కదా అని వాక్యం ఎత్తి చూపించాడు. సాతానుకు బైబిలు రాదనుకునేవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవాలి. ముందు దూకెయ్, తర్వాత పట్టుకోవడం ఆయన పని అన్నది వాడి మాట. నువ్వు చేసిందీ అదే. నెల జీతం పందెంలో పెట్టేసి, పట్టుకో ప్రభువా అన్నావు. దేవుణ్ణి పరీక్ష పెట్టి చూడకూడదని యేసు చెప్పి అక్కడి నుంచి కదలలేదు. ఆయనకు విశ్వాసం చాలక దూకలేదంటామా? నీ ప్రార్థన వినలేదని బాధపడుతున్నావు. ఆ పూట గెలిచి ఉంటే ఏమయ్యేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మరుసటి మ్యాచికి రెట్టింపు కట్టేవాడివి, పైగా దేవుడే ఇప్పించాడని సాక్ష్యం చెప్పేవాడివి.

రెండో సంగతి, ప్రమాణం. కొండమీది ప్రసంగంలో ప్రభువు అసలు ఒట్టే పెట్టవద్దన్నాడు, అవునంటే అవును కాదంటే కాదు, అంతటితో చాలన్నాడు. దీనికి కారణం అనుభవం మీద తెలుస్తుంది. గట్టిగా ఒట్టు వేసినవాడు ఇక వేరే జాగ్రత్త తీసుకోడు. పేతురు ఎంత మాటన్నాడు? అందరూ నిన్ను విడిచినా నేను విడవను అన్నాడు. ఆ రాత్రి కోడి కూసేలోగా మూడుసార్లు జారిపోయాడు. పైగా జారింది యుద్ధంలో కూడా కాదు, చలిమంట దగ్గర నలుగురితో కూర్చుని. నీ చలిమంట ఎక్కడుందో కనిపెట్టు. ఒక కాగితం తీసుకుని ఆఖరుగా కట్టిన ఐదు పందేలు రాసుకో: ఏ వేళ, ఎక్కడ, పక్కన ఎవరు, జేబులో ఎంత. నాతో మాట్లాడినవాళ్ళలో చాలామందికి ఐదుకు నాలుగు ఒకే చోట, ఒకే అరగంటలో తేలాయి. మ్యాచి ఏడుకో ఏడున్నరకో మొదలవుతుంది. అంగడి సర్దుకునే వేళ, ఇంటికి పోబుద్ధి కాని వేళ. శోధన పగలు రాత్రీ వెంటపడుతోందని నీకు అనిపిస్తుంది గానీ అది రోజుకు ముప్పై నిమిషాలే పని చేస్తోంది. ఆ ముప్పై నిమిషాలు నువ్వు వేరే వీధిలో ఉండాలి.

అప్పు తీర్చడానికే కట్టానంటున్నావు. నమ్ముతాను. శోధన ఎప్పుడూ న్యాయమైన అవసరం పేరు మీదే వస్తుంది. యేసుకు ఆకలి వేసింది, నిజమైన ఆకలి, నలభై రోజులది. రాళ్ళను రొట్టెలు చెయ్యమన్నాడు అపవాది. రొట్టె తినడం పాపమా? కాదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పక్క నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్ళను అడుగు, వాళ్ళు దినమూ రాళ్ళను రొట్టెలు చేస్తూనే ఉన్నారు, కాకపోతే సుత్తితో, చెమటతో, సాయంత్రం కూలితో. ఒక్క మాటతో రాయి రొట్టె కావాలన్న తొందర ఉందే, అక్కడ ఉంది ఉచ్చు. నీ అప్పు జీతంతో తీరుతుంది. ఆలస్యంగా తీరుతుంది.

ఇక చెయ్యాల్సినవి. వచ్చే నెల జీతం మీ ఆవిడ ఖాతాలో పడేలా చూడు. ఫోన్‌లో డబ్బు పంపే యాప్‌లు తీసెయ్, ఈస్టరు దాకా బటన్ల ఫోన్ వాడినా తప్పు లేదు. అంగడి సొమ్ము ముట్టుకున్నావో లేదో నువ్వు రాయలేదు, నేనూ అడగను. ముట్టుకుని ఉంటే మాత్రం లెక్కలో తేలకముందే యజమాని దగ్గరికి నువ్వే పో. జక్కయ్య నాలుగింతలు తిరిగిస్తానని ముందే అన్నాడు, ఎవరూ పట్టుకోకముందే. చట్టం కూడా నీ పక్కనే ఉంది: ఆన్‌లైన్ రమ్మీ, పోకర్, పందేలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా ఆపుతూ చట్టం చేసింది. అప్పులవాళ్ళ వత్తిడికి బతుకు మీద విరక్తి కలిగితే 14416కు ఫోన్ చెయ్యి. ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు.

మీ అంగట్లో గీటురాయి ఉంటుంది కదా. బంగారాన్ని దాని మీద గీస్తారు. రాయి బంగారాన్ని చేయదు, పాడూ చేయదు, ఉన్నదేదో చూపిస్తుంది. శోధన అన్న తెలుగు మాటలో పరీక్ష అన్న అర్థం కూడా ఉంది. మూడో రోజు గీత పడింది. ఎంత కల్తీ ఉందో తెలిసింది. కల్తీ ఉందని తెలిసిన బంగారాన్ని నువ్వు పారేస్తావా, పుటం పెట్టిస్తావా?

పులివెందుల నుంచి ఒక అవ్వ (మనవరాలితో రాయించినది): నాకు అరవై రెండు. షుగరుకు మాత్రలు వేసుకుంటా. నలభై దినాలూ సాయంత్రం దాకా నీళ్ళు గూడా ముట్టకుండా ఉండాలని నా కోరిక. మాత్రలు మానేయమంటారా?

అవ్వా, మాత్రలు మానవద్దు, మాత్రలు వేసుకుని పస్తూ ఉండవద్దు. కొన్ని షుగరు మాత్రలు వేసుకుని ఏమీ తినకపోతే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం. మార్చి ఎండలో మన పక్క ఇది ప్రాణం మీదికి వస్తుంది. కతోలిక సంఘం నియమంలోనే అరవయ్యో ఏడు నడుస్తున్నవాళ్ళకూ, ఆపైన వాళ్ళకూ ఉపవాసం తప్పనిసరి కాదు. మీరు నోటికి ఇష్టమైనది ఒకటి మానేయండి. యెషయా 58వ అధ్యాయం మనవరాలితో చదివించుకోండి, దేవుడు ఎటువంటి ఉపవాసం అడిగాడో అక్కడ ఉంది: ఆకలిగొన్నవాడికి నీ అన్నంలోంచి పెట్టమన్నాడు. అది మానేసిన పూట బియ్యం ఒక పావు పక్కన పెట్టండి. ఈస్టరు నాటికి ఎవరింటికో నాలుగు రోజుల గంజి అవుతుంది.

జమ్మలమడుగు నుంచి ఒక సోదరి: నా భర్త రోజూ తాగుతాడు, పదిహేనేండ్లుగా. నిరుడు శ్రమదినాల మొదటి రోజున ఒక్కసారిగా మానేసినాడు. మేమంతా దేవుణ్ణి స్తుతించినాం. మూడో రోజు చేతులు వణికినాయి, ఒళ్ళంతా చెమట, గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచినాడు. దయ్యం పట్టిందని రాత్రంతా కూర్చుని ప్రార్థన చేసినాం. తెల్లారి ఎవరో గొంతులో ఇంత పోసినాక కుదుటపడ్డాడు. అప్పటి నుంచి మళ్ళీ మామూలే. ఈసారి మానమని చెప్పాలంటే భయంగా ఉంది.

అమ్మా, మీ భయం నిజమైనది. అది దయ్యం కాదు. ఏళ్ళ తరబడి రోజూ తాగిన ఒంటికి సారా ఒక్కసారిగా ఆగిపోతే నరాలు తిరగబడతాయి. మొదటి రోజు వణుకు, నిద్ర లేకపోవడం, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మూడు నాలుగు రోజుల్లో లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. వైద్యం లేకపోతే ప్రాణం పోవచ్చు. నిరుడు మీ ఇంట్లో జరిగింది అదే. ఆయన బతికి బయటపడ్డాడు, అందుకు స్తోత్రం చెల్లించండి, కానీ అదే ప్రయోగం మళ్ళీ చేయవద్దు.

మందు మానడం డాక్టరు చేతి మీద జరగాలి. కడప సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కొన్ని రోజులు దగ్గర పెట్టుకుని వణుకు రాకుండా మాత్రలు, బి1 విటమిను ఇస్తారు. 14446కు ఫోన్ చేస్తే దగ్గరలోని కేంద్రం చెబుతారు. ఆసుపత్రికి పోతే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే మీ ఊరి చరిత్ర గుర్తు చేయండి. 1822లో కడపలో పని మొదలుపెట్టిన లండన్ మిషన్ వాళ్ళు జమ్మలమడుగులో గుడితో సరిపెట్టలేదు, క్యాంబెల్ ఆసుపత్రి పెట్టారు. మూడో సువార్త రాసినాయన లూకా వైద్యుడు. మన జిల్లాలో వాక్యమూ మందుసీసా ఒకే బండిలో వచ్చాయి.

డాక్టరు పని వారం పదిరోజుల్లో అయిపోతుంది. అసలు శోధన ఆ తర్వాత మొదలవుతుంది. క్వార్టరు సీసా తొంభై తొమ్మిది రూపాయలకు దొరికే రోజులివి. మన చుట్టుపక్కల అయ్యప్ప మాల వేసుకునే తమ్ముళ్ళను చూడండి. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టరు. ఎట్లా సాధ్యమైందని ఒకతన్ని అడిగాను. ‘మెడలో మాల ఉంటే సామీ అని పిలుస్తారు, గ్లాసు చేతికి ఇచ్చేవాడు ఉండడు’ అన్నాడు. ఆ మాట చాలా రోజులు నాలో తిరిగింది. చుట్టూ ఉన్న మనుషులే సగం బలం. ఉపవాసం ఉన్నప్పుడు తలకు నూనె రాసుకో, మొహం కడుక్కో, ఎవరికీ తెలియనివ్వకు అన్నాడు ప్రభువు. అది గొప్పకు పోయేవాడికి చెప్పిన మాట. తాగుడు మానేవాడు దాచుకోకూడదు. కనీసం ముగ్గురికి తెలియాలి: సంఘ కాపరికి, పక్కింటాయనకు, కలిసి తాగేవాళ్ళలో కాస్త బుద్ధిమంతుడు ఒకడికి.

ఆ తమ్ముళ్ళలో కొందరు మాల తీసిన రాత్రే మళ్ళీ మొదలుపెడతారు. నవ్వకండి, మన ఈస్టరు సాయంత్రాలూ నేను చూశాను. వదిలిపోయిన అపవిత్రాత్మ తిరిగొచ్చి, ఇల్లు ఊడ్చి ఖాళీగా ఉండడం చూసి, మరి ఏడింటిని తోడు తెచ్చుకుందని ప్రభువు చెప్పిన ఉపమానం మత్తయి 12లో ఉంది. ఊడ్చిన ఇల్లు ఖాళీగా ఉంచకూడదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఆయన ఏం చేస్తాడో ఇప్పుడే అనుకోండి. పశువుల పనా, పిల్లల లెక్కలా, గుడి గేటు తాళమా, ఏదో ఒకటి.

ఇంకొక మాట మీకు మాత్రమే. ఆయన మానకపోతే అది మీ ప్రార్థన లోపం కాదు. తాగి చెయ్యి చేసుకుంటుంటే సహించడం సిలువ మోయడం కాదు. పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పొండి, 181కు ఫోన్ చేయండి. దూరంగా ఉండి కూడా ప్రార్థన చేయవచ్చు.

ప్రొద్దుటూరు నుంచి మరొకరు: మా పెంతెకొస్తు స్నేహితులు లెంట్ అనే ఈ శ్రమదినాలు బైబిల్లో లేవు, మనుషులు పెట్టిన ఆచారం అంటున్నారు. నిజమేనా?

నిజమే, ఆ మాట బైబిల్లో లేదు. 325లో నీకయ సభ చేసిన నియమాల్లో ఈ నలభై రోజుల ప్రస్తావన ఉంది, అంటే ఆనాటికే వాడుకలో ఉంది. ఆదివార బడి కూడా బైబిల్లో లేదు, మీ స్నేహితుల పిల్లలు పోవడం లేదా? ఆచరించేవాడు ఆచరించనివాణ్ణి తక్కువ చూడకూడదు, వాడు వీడికి తీర్పు తీర్చకూడదు. రోమా పత్రిక 14 చదువుకుని ఇద్దరూ కలిసి టీ తాగండి. శుక్రవారమైనా ఫరవాలేదు.

జమ్మలమడుగు నుంచి డిగ్రీ విద్యార్థి: రాత్రుళ్ళు ఫోన్‌లో చూడకూడనివి చూస్తున్నాను. చూశాక ఏడుస్తాను. మనసులో ఆలోచన రావడమే పాపమా? శోధన వచ్చినప్పుడు చదివితే వెంటనే పోయే వాక్యాలు పది రాసి పంపండి.

బాబూ, ఆలోచన రావడం పాపం కాదు. యేసు కూడా అన్ని విధాలా శోధింపబడ్డాడని హెబ్రీ పత్రిక చెబుతోంది, ఆయనలో పాపం లేదనీ చెబుతోంది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో మెట్లు వరుసగా ఉన్నాయి: ఆశ లాగుతుంది, మరులు గొలుపుతుంది, గర్భం ధరిస్తుంది, పాపాన్ని కంటుంది. వాకిట్లోకి కుక్క వస్తే తప్పు నీది కాదు. కంచంలో కూడు పెడితే అది రేపూ వస్తుంది.

వాక్యాల జాబితా పంపను. తాయెత్తుల బేరం నాకు చేతకాదు. యేసు అరణ్యంలో ఇచ్చిన మూడు జవాబులు ఎక్కడివో చూశావా? మూడూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాల్లోవి. అరణ్యంలో నలభై ఏళ్ళు ఆకలితో, దాహంతో తిరిగిన జనానికి మోషే చేసిన బోధ అది. ఆకలిగా ఉన్నవాడు ఆకలిగొన్నవాళ్ళకు చెప్పిన మాటలే పట్టుకున్నాడు. ఆయన ఆ పూట గ్రంథపు చుట్ట విప్పి వెతకలేదు, అరణ్యంలో చుట్ట ఎక్కడిది? చిన్నప్పుడు ఇంట్లో, సమాజమందిరంలో కంఠతా వచ్చింది పెద్దయ్యాక నోట వచ్చింది. శోధన వచ్చినప్పుడు వెతుక్కునే వాక్యం పనికిరాదు, అంతకుముందే లోపల ఉన్నది పనికొస్తుంది. కాబట్టి ఆరు, ఏడు, ఎనిమిది, ఈ మూడు అధ్యాయాలు ఈస్టరు దాకా రోజూ పొద్దున గట్టిగా చదువు. ఏడో అధ్యాయం మీద నీకు ప్రశ్నలు వస్తాయి. వస్తే రాయి, దాచుకోవద్దు.

యోసేపు సంగతి కూడా మరిచిపోకు. పోతీఫరు భార్య వస్త్రం పట్టుకుంటే ఆయన అక్కడ నిలబడి ప్రార్థన చేయలేదు. వస్త్రం ఆమె చేతిలో వదిలేసి బయటికి పరుగెత్తాడు. మన ఆదివార బడి పిల్లలకు దావీదు గొల్యాతుతో పోరాడిన కథ చెప్పినన్నిసార్లు యోసేపు పారిపోయిన కథ చెప్పం. చెప్పాలి. నీ వస్త్రం ఫోన్. రాత్రి తొమ్మిదికి దాన్ని వంటింట్లో అమ్మ దగ్గర ఛార్జింగుకు పెట్టి వచ్చి పడుకో. అలారానికి నూటయాభై రూపాయల గడియారం కొనుక్కో. తప్పిన రాత్రి ఏడుస్తూ పడుకోకు, పొద్దున లేచి మళ్ళీ ఆరో అధ్యాయం నుంచి మొదలుపెట్టు.

పులివెందుల నుంచి ఒక రైతు: అయ్యగారూ, మాకు మూడెకరాల చీనీ తోట. ఎనిమిదేండ్ల చెట్లు, కాపు మంచిగా వస్తాంది. గట్టు కాడ, బోరు కాడ మా చిన్నాయన కొడుకుతో తగాదా. సంక్రాంతి అయినాక ఒక రాత్రి అరవై చెట్లు నరికిపోయినారు. ఎవరో మాకు తెలుసు, చూసినోళ్ళు లేరు. స్టేషన్లో కేసు పెట్టినాం. మావాళ్ళు ‘వాళ్ళకూ తోట ఉంది, మనకూ రంపం ఉంది, ఒక్క రాత్రి పని’ అంటారు. మా మామ అయితే కంటికి కన్ను అని బైబిల్లోనే ఉంది గదా అంటాడు. నేను గుడికి పోతా, సంస్కారం తీసుకుంటా. రాత్రయితే చెట్లు కండ్ల ముందర పడినట్టే ఉంటాది.

ఈ ఉత్తరం మూడు రోజులు బల్ల మీద పెట్టుకున్నాను. మా నాయనకు చీనీ చెట్లు ఉండేవి. నరికిన చెట్టు వాసన ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. పచ్చి కాయ, ఆకు, చెక్క కలిసిన వాసన, తోటంతా రెండు రోజులు పోదు. నాటిన మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్ళు, అంతవరకు బోరు, కరెంటు, ఎరువు, అప్పు. మనిషిని కొట్టలేనివాడు చెట్టును కొడతాడు, ఆ దెబ్బ మనిషికే తగులుతుంది. మీ కోపం అన్యాయమైనదని నేను అనను.

మీ మామగారి వాక్యం ముందు చూద్దాం. కంటికి కన్ను అన్నది నిర్గమకాండంలో ఉంది, నిజమే. అది పగకు ఇచ్చిన అనుమతి కాదు, పగకు వేసిన కట్ట. అంతకుముందు ఆదికాండంలో లెమెకు ఉన్నాడు, నన్ను గాయపరిచినవాడికి డెబ్బది యేడంతలు అని భార్యల ముందు మీసం తిప్పినవాడు. ఒక చెట్టుకు తోట, ఒక తలకు వంశం, అది లెమెకు లెక్క. మన సీమకు ఆ లెక్క ఎంత ఖరీదు పడిందో మీకు నేను చెప్పాలా? ఒక కంటికి ఒక కన్ను మించకూడదని ధర్మశాస్త్రం దాన్ని తెగ్గొట్టింది. ప్రభువు ఇంకా ముందుకు పోయాడు. డెబ్బై ఏళ్ళ మారులు క్షమించమని పేతురుకు చెప్పినప్పుడు లెమెకు లెక్కనే తలకిందులు చేశాడు. మామగారు సగం వాక్యం చెప్పారు. దేవాలయ శిఖరం మీద వాడూ సగమే చెప్పాడు.

ఇక నేను మీకు చూపించాలనుకున్నది ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయం ఆఖరు భాగం. శత్రువు పట్టణాన్ని ముట్టడి వేసినప్పుడు కూడా పండ్ల చెట్ల మీద గొడ్డలి ఎత్తకూడదు, పొలంలో చెట్టు నీతో యుద్ధానికి వచ్చిన మనిషా అని అడుగుతుంది ఆ చట్టం. యుద్ధంలో! శత్రువు చెట్టు! నలభై ఏళ్ళు బోధ చేసి ఈ వాక్యం మీద నేను ఒక్క ప్రసంగం కూడా చేయలేదు. పులివెందుల, లింగాల, వేముల పక్క ప్రతి గుడిలోనూ ఏడాదికొకసారి చదవాల్సిన వాక్యం ఇది. మీ చిన్నాయన కొడుకు తోటలో చెట్లు మీ అరవై చెట్లను నరకలేదు.

మీవాళ్ళు ఒక్క రాత్రి పని అన్నారు. దావీదుకు అలాంటి అవకాశం పగలే వచ్చింది. ఏన్గెదీ గుహలో చీకట్లో దావీదు తన మనుషులతో దాక్కుని ఉన్నాడు. చంపడానికి వెతుకుతున్న సౌలు ఒంటరిగా అదే గుహలోకి వచ్చాడు. దావీదు మనుషులు ఏమన్నారు? దేవుడు నీకు మాట ఇచ్చిన దినం ఇదే అన్నారు. చూశారా, శోధన పక్కవాళ్ళ నోట, దేవుని పేరు మీద వచ్చింది. దావీదు బట్ట చెంగు మాత్రం కోశాడు, దానికే గుండె కొట్టుకుంది. తర్వాత చేసింది మనవాళ్ళు చెప్పరు. బయటికి పోయి, దూరంగా నిలబడి, నీ చెంగు నా చేతిలో ఉంది చూడు, నేను నిన్ను చంపలేదు, దేవుడే తీర్పు తీర్చుగాక అని కేక వేశాడు. సౌలు ఏడ్చాడు. అయినా దావీదు ఆయన వెంట ఇంటికి పోలేదు, తన కొండకోటకే పోయాడు. పగ తీర్చుకోకపోవడం వేరు, కళ్ళు మూసుకుని నమ్మడం వేరు. కేసు వెనక్కి తీసుకోవద్దు. నరికిన చెట్ల ఫోటోలు ఉంచండి, ఉద్యాన శాఖవాళ్ళతో నష్టం రాయించండి, గట్టు సర్వే చేయించమని తహసీల్దారుకు అర్జీ పెట్టండి. కేక వేయడం మీ హక్కు. చెంగు దగ్గర ఆగడం మీ విశ్వాసం.

రాత్రుళ్ళ సంగతి. ఎనిమిది దాటాక మీ ఇంటి అరుగు మీద ఎవరు కూర్చుంటున్నారో చూడండి. ఆ మాట అన్నవాళ్ళు తాగి ఉన్నారా, మీ సొమ్ముతో తాగారా? జైలుకు పోయేది వాళ్ళు కాదు. ఈస్టరు దాకా ఆ అరుగు మూసేయండి. నిద్ర రాకపోతే మీ కాపరి తలుపు కొట్టండి, ఒంటిగంట అయినా సరే. ఆయన విసుక్కుంటే నా పేరు చెప్పండి. రంపం ఎవరి ఇంట్లో ఉందో తెలిస్తే పొద్దునే పోయి తెచ్చి మీ ఆవిడ చేతికి ఇవ్వండి.

వాళ్ళు చెట్లు ఏ ఎత్తులో నరికారో మీరు రాయలేదు. ఇది పాస్టరు మాట కాదు, చీనీ రైతు కొడుకు మాట. అంటు కట్టిన చోటుకు పైన మొద్దు మిగిలి ఉంటే చెట్టు పోలేదు. చీలిన చోట నున్నగా కోసి బోర్డో పేస్టు పూయండి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు, రెండూ విడివిడిగా ప్లాస్టిక్ తొట్లలో కలిపి తర్వాత ఒకటి చేయాలి, ఇనుప పాత్ర వాడకూడదు. చిగుళ్ళు వచ్చాక బలమైనవి రెండు మూడు ఉంచి మిగతావి తీసేయండి. అంటు కింది నుంచి లేచేది చీనీ కాదు, వేరుమొక్క నిమ్మ. ఏపుగా వస్తుంది, ముళ్ళు ఉంటాయి, దాన్ని లేతగా ఉన్నప్పుడే గిల్లేయాలి.